చెట్ల నడుమ గాలి

గ్రామపెద్దలారా!

మదనపల్లెనుండి కదిరికి బోవు బాటమీద నున్న అంగళ్లు మా యూరు. ముప్పదినాలుగేండ్లు పిల్లలకు తెలుగును లెక్కలును జెప్పి, ఉద్యోగము చాలించి, ఇప్పుడు పొలముగట్ల వెంబడి తిరుగుచు కాలము బుచ్చుచున్నాను. నేను శాస్త్రజ్ఞుడను గాను. అయినను, చిన్ననాట గురువుగారియొద్ద చదివిన యొక నీతికి సరియైన యర్థము నాకు ఏబదియేండ్లు దాటిన తరువాతగాని తెలియలేదు. అది తెలియుటకు నేను జెల్లించిన వెల తక్కువది కాదు. ఆ సంగతియే నేడు మీతో ముచ్చటింప దలచితిని.

మహాభారతమున ఉద్యోగపర్వములో, నిద్రపట్టని ధృతరాష్ట్రునకు విదురుడు రాత్రియంతయు నీతులు జెప్పును. జ్ఞాతులు విడిపోరాదని చెప్పుచు ఒకచోట చెట్లను దృష్టాంతముగా జూపును. ఒంటరి చెట్టు ఎంత బలిసినదైనను గాలి దానిని గూల్చగలదట. గుంపుగా నిలిచిన చెట్లు మాత్రము ఒకదాని యండ నొకటి పొంది పెనుగాలికిని నిలుచునట. ఇదీ దాని తాత్పర్యము.

బాల్యమున ఈ మాట చదివినపుడు నాకొక సందేహము గలిగినది. మా చేని నడుమ ఒంటరి చింతచెట్టొకటి యుండెను. మా తాతకు ముందటిది. ఎన్ని గాలివానలు వచ్చిపోయినను దానికి జంకు లేదు. మఱి విదురుని మాట యెట్లు పొసగును? గురువుగారి నడిగితిని. "దృష్టాంతమును కావలసినంత వఱకే తీసికొనవలెనురా, దానిని చంకబెట్టుకొని పొలమునకు బోరాదు" అని వారు నవ్విరి. నేను పొలమునకు బోయితిని. ఈ ప్రసంగమంతయు ఆ పోకయొక్క ఫలితమే.

మొదట గాలి నడకను గూర్చి రెండు మాటలు. గాలి కంటికి గానరాదు గనుక నీటితో పోల్చి చూతము. చెఱువు తూము తెఱచినపుడు కాలువ నడుమ నీరు వడిగా బోవును; గట్టుప్రక్కను, అడుగునను మెల్లగా బోవును. గట్టును అడుగును నీటిని పట్టి లాగుచుండుటయే దీనికి కారణము. గాలియు నట్లే. నేలకు దగ్గఱగా మెల్లగాను, పైకి బోవుకొలదిని వడిగాను వీచును. బీడునేల గాలిని కొంచెమే లాగును. జొన్నచేను అంతకంటె నెక్కువగా లాగును. అడవి అన్నిటికంటె నెక్కువగా లాగును. ప్రతి యాకును ప్రతి కొమ్మయు గాలినుండి కొంత బలమును గైకొని, ఆ బలమును మ్రానునకును, మ్రాను వేళ్లకును, వేళ్లు భూమికిని అప్పగించును. చెట్టు నిలుచుట యనగా ఈ యప్పగింత తెగకుండ సాగుటయే.

ఈ బలమునకొక లెక్క గలదు. గాలి వడి రెండింతలైనచో దాని తాకిడి నాలుగింతలగును. వడి మూడింతలైనచో తాకిడి తొమ్మిదింతలగును. చెట్లు ఆకులు ముడిచి, కొమ్మలు వంచి, ఈ లెక్కను కొంత తగ్గించుకొనును గాని బొత్తిగా తప్పించుకొనలేవు. అందుచేత దినమెల్ల సమముగా వీచు గాలి చెట్టును గూల్చుట అరుదు. నడుమ నడుమ వచ్చు విసురే గూల్చును. ఆ విసురు ఎక్కడ పుట్టును? ఎట్లు దిగును? దీనిని తెలిసికొన్నచో తక్కినదంతయు దానంతట తెలియును.

సమాధానము వరిమడిలోనే యున్నది. వెన్ను తీసిన వరిచేనిమీద గాలి వీచునపుడు గట్టుపై నిలిచి చూచినవారందఱు ఎఱుగుదురు. పైరు వంగి లేచుచు, అలవెంట అలగా, మడి యీ కొననుండి యా కొనకు పఱుగెత్తును. జపానుదేశమువారు దీనిని "హోనామి" యందురు. వెన్నుల యల యని యర్థము. ఇనౌయే యను జపాను శాస్త్రజ్ఞుడు 1955లో ఈ యలలను గూర్చి పరిశోధించి వ్రాసెను. గాలి ఒకే తీరున వీచుచున్నయెడల పైరు ఒకే తీరున వంగి యట్లే యుండవలెను గదా! అలలెందుకు?

కారణమిది. పైరుమీది గాలి వడిగా బోవుచున్నది. పైరులోపలి గాలి యించుమించు నిలిచియున్నది. వడిగల పొరయు వడిలేని పొరయు ఒరసికొనుచోట సరిహద్దు నిలుకడగా నుండజాలదు. మొదట మెలిక తిరుగును. ఆ మెలిక చుట్టుకొని సుడియగును. ఏటిలో వడినీటికిని, ప్రక్కనున్న నిలువనీటికిని నడుమ సుళ్లు బారులుదీరి పోవుట మీరు చూచియే యుందురు. ఇదియు నట్టిదే. 1996లో ఆస్ట్రేలియాకు జెందిన రౌపాక్, ఫిన్నిగన్ అనువారును, ఫ్రాన్సునకు జెందిన బ్రూనే యను నాతడును గలిసి వ్రాసిన వ్యాసమున, పైరుమీది గాలికిని అడవిమీది గాలికిని ఇదే న్యాయము వర్తించునని చూపిరి. పైరుమీది సుడి చిన్నది. అడవిమీది సుడి చెట్ల యెత్తునకు దగినంత పెద్దది. అంతే భేదము.

ఈ సుడి రెండు పనులు జేయును. ఒకప్రక్క పైనున్న వడిగాలిని చెట్ల తలలలోనికి దింపును. ఒకప్రక్క లోపలి మందగాలిని పైకి తోడివేయును. దింపినపుడు వచ్చునదే విసురు. చెట్లు దట్టముగా నున్నచోట నిలిచి చెవియొగ్గి వినుడు. కొంతసేపు నిశ్శబ్దము. అంతలో దూరమున హోరు బయలుదేరును. అది చెట్ల తలలమీదుగా మనవైపు వచ్చును. మన నెత్తిమీది కొమ్మ లూగును. ఆ తరువాత, ఒకటి రెండు క్షణములకు, కాళ్లయొద్ది యెండుటాకు కదలును. హోరు మనలను దాటిపోవును. మరల నిశ్శబ్దము. తల మొదట ఊగి నేల తరువాత కదలుటయే, విసురు పైనుండి దిగినదనుటకు సాక్ష్యము.

దీనిని పరీక్షింపగోరువారికి మా ప్రాంతమున మంచి తావు గలదు. మాకు చేరువనున్న ఏనుగు మల్లమ్మకొండ నాలుగువేల యడుగులకు పైబడిన యెత్తు గలది. మదనపల్లె కడపజిల్లాలో జేరియున్న ఆంగ్లేయుల కాలమున, కలెక్టరైన హార్స్లీ దొర అక్కడ వేసవి విడిది యేర్పఱచుకొనుటచే దానికి హార్స్లీకొండ యను పేరు వచ్చినది. ఆ కొండమీద గాలిబండ యనుచోటు గలదు. చెట్టుచేమలు లేని బోడి బండ. వాలువెంబడి ఎక్కివచ్చు గాలి కొండకొమ్మున వడి హెచ్చి మీద విఱుచుకొనిపడును. భుజముమీది కండువా నిలుపుకొనుట కష్టము. అక్కడనుండి వెనుకకు మరలి నీలగిరిచెట్లలోనికి నడువుడు. 1859లో నాటిరని చెప్పుకొను "కల్యాణి" యను పెద్ద నీలగిరిచెట్టు ఆ కొండమీదిదే. చెట్లలోనికి కొంతదూరము పోవునప్పటికి కండువా దానంతట సద్దుమణగును. తలయెత్తి చూచినచో కొనకొమ్మలు మాత్రము ఊగుచునే యుండును. గాలి యెక్కడికిని పోలేదు. అది మేడమీద నడచుచున్నది. మనము క్రింది యింటిలో నున్నాము.

ఆ యింటికి అంతస్తు లెన్ని, కిటికీ లెచ్చట, అను దానినిబట్టి లోపలి గాలి నడక యుండును. మూడు తీరులు జెప్పెదను.

మొదటిది, అంతస్తులన్నియు నిండిన యడవి. పైని పెద్ద మ్రాకులు. వాని క్రింద నడితరపు చెట్లు. వాని క్రింద పొదలు, తీగెలు. పలమనేరు, కుప్పము ప్రాంతపు కౌండిన్య యడవిలో వానకాలము ముగియునాటికి దట్టముగా నున్న తావులను జూచినచో ఇది తెలియును. గాలి యొక్కొక్క పొర దిగునప్పటికి కొంతకొంత బలము కోల్పోవును. మిక్కిలి దట్టమైనచోట నేలయొద్దకు చేరునది చెట్లమీది గాలిలో పదవవంతైనను ఉండకపోవచ్చును. అందుకే పొదలనడుమ జొచ్చినవానికి చెమట పట్టును.

రెండవది, అడుగు శుభ్రపఱచిన తోపు. మన మామిడితోపులు చాలవఱకు ఇట్టివే. తలలు ఒకదానితో నొకటి కలిసి పందిరివలె నుండును. క్రింద మ్రాకుల నడుమ ఖాళీ. ఇచ్చట నొక చిత్రము గలదు. ఆకుల పందిరిలో గాలి మందగించును. పందిరి క్రింద మరల కొంత వడి గనబడును. ప్రక్కనుండి దూఱిన గాలికి అక్కడ అడ్డు లేకపోవుటయే కారణము. వేసవి మధ్యాహ్నమున తోపులో మంచము వేసికొన్నవాని హాయి యంతయు ఇందువలననే.

మూడవది, ఆకు రాల్చిన యడవి. మాఘ ఫాల్గుణములందు మా గుట్టలమీది చెట్లు చాలవఱకు మోడులై నిలుచును. అప్పుడు పందిరి లేదు. గాలి నేలదాక దిగును. క్రింద ఎండుటాకు మోకాలిలోతున పడియుండును. బీడీముక్క యొకటి పడినచో చాలును. వేసవి కార్చిచ్చు అంతటి వడితో గుట్టనెక్కుటకు, రాలిన యాకుతోపాటు దిగిన గాలియు గారణమే.

ఇక ఇంటికి గోడ యెట్టిదో అడవికి అంచు అట్టిది. అంచున పెరుగు చెట్టునకు వెలుతురు ప్రక్కనుండియు దగులును. అందుచే దాని కొమ్మలు నేలదాక దిగును. దాని మొదట కానుగ, నేరేడు, పొదలు, పిచ్చితీగెలు అల్లుకొనును. ఎవరును నాటని ఈ మురికి వరుసయే గాలికి మొదట ఎదురు నిలుచునది. వచ్చిన గాలిలో కొంత దానిలోగుండ మెల్లగా దూఱును; కొంత దాని వాలువెంబడి పైకెగసి చెట్ల తలలమీదుగా సాగిపోవును.

అట్లయినచో సందులేని యిటుకగోడ యింకను మేలు గదా యని యడుగవచ్చును. కాదు. సందులేని గోడను గాలి ఢీకొని యొక్కమాఱుగా పైకెగసి, వెనుకప్రక్క గిరగిర దిరుగుచు, త్వరలోనే నేలకు దిగును. గోడచాటున చెత్తయు ధూళియు సుడిదిరుగుట మనకు దెలిసినదే. సగము ఆకు, సగము సందు గల చెట్లవరుస యైనచో కొంతగాలి జల్లెడలోనుండి వచ్చినట్లు వచ్చి, వెనుక మెత్తగా పఱచుకొనును. అది పైనుండి వచ్చు వడిగాలిని వెంటనే దిగనీయదు. ఇట్టి వరుస తన యెత్తునకు పదింతల దూరము వఱకు గాలిని బాగుగా మందగింపజేయును. ఇరువదింతల దూరము వఱకు కొంత కొంతగా మందగింపజేయును. 30 అడుగుల యెత్తుగల వరుస 300 అడుగుల చేనికి చాటగునన్నమాట. మా మదనపల్లె ప్రాంతమున కట్టెలు నాటి, దారములు గట్టి, టమాటా పెంచువారు ఈ లెక్కను మనసునందుంచుకొనదగును. ఆషాఢపు పడమటిగాలికి కాపుతోనున్న సాలు మొత్తముగా ఒరగిపోయిన దినమున ఆ రైతు మొగము జూచినవారికి దీని విలువ నేను జెప్పనక్కఱలేదు.

అయితే సందులు వరుసయంతటను జల్లెడకన్నులవలె పఱచుకొనియుండవలెను. ఒక్కచోట వాకిలివలె నుండరాదు. నడుమ నాలుగుచెట్లు నఱికి బండిదారి తీసినచో, అటునిటు అడ్డగింపబడిన గాలియు ఆ వాకిటనే దూసికొనివచ్చును. ఆ వాకిట వడి బయలుగాలి వడికంటెను ఎక్కువగును. దారి తప్పనిదైనచో దానిని నేరుగాగాక ఏటవాలుగా తీయవలెను.

మన పూర్వులకు ఈ న్యాయములు పేర్లతో దెలియకున్నను పనిలో దెలియును. కళ్లము వేయునపుడు వారు తోపును ఆనుకొని వేయరు. తూర్పారబట్టుటకు ఎడతెగని సమగాలి కావలెను. చెట్ల చాటున గాలియే చాలదు. చాటు ముగియుచోట సుళ్లు దిగుచుండుటచే గాలికి నిలుకడ లేదు. చేటనుండి జాఱిన పొట్టు ఒకమాఱు తూర్పునకు బోయి, ఒకమాఱు పట్టువాని నెత్తినే పడును. నేడు యంత్రములు వచ్చి చేట మూలబడినది. చేటతోపాటు ఆ తెలివియు మూలబడరాదు.

ఇక చెట్టు సంగతికి వత్తము. చెట్టు ఊగుచు పెరుగును; ఊపునకు దగినట్లు తన్ను తాను గట్టుకొనును. ఒంటరిచెట్టు మొలకనాటనుండి నాలుగుదిక్కుల గాలిని దినుచు పెరుగును. దాని మ్రాను పొట్టిగాను లావుగాను నుండును. మొదలు వెడల్పై వేళ్లు దూరదూరము పాఱును. గుంపులోని చెట్టు వెలుతురు కొఱకు పొరుగుచెట్లతో పోటీపడి పైకి బోవును. దాని మ్రాను సన్నము; కొమ్మలన్నియు తలయందే; వేళ్లకు దొరకిన చోటు కొంచెము. అది తన బలముమీదకంటె పొరుగువాని బలముమీదనే యెక్కువగా నిలిచియుండును.

ఆ పొరుగుబలము మూడు విధములు. ఒకటి, వచ్చిన గాలిని పలుచెట్లు పంచుకొనును. రెండు, ఊపు. పెద్దచెట్టు ఒకమాఱు వంగి మరల నిలుచుటకు కొన్ని సెకండ్లు పట్టును. ఊయెలను సమయమెఱిగి త్రోసినచో పైపైకి పోవునట్లు, విసురులు ఆ లయకు దగినట్లు వచ్చినచో చెట్టు ఊపు పెరుగును. గుంపులోనైతే ఊగిన కొమ్మ పొరుగుకొమ్మను తాకి ఊపును పోగొట్టుకొనును. మూడు, వేళ్ల యల్లిక. ఒకదాని వేళ్లమీద నొకటి, ఒకే మట్టిని పట్టుకొనియుండును. విదురుడు చెప్పిన పరస్పరాశ్రయము ఈ మూడును గలిసినదే.

నా బాల్యసందేహము ఇచ్చట తీరినది. ఒంటరిగా బుట్టి ఒంటరిగా బెరిగిన చింతకు అంత భయము లేదు. గుంపులో బెరిగి, పిమ్మట ఒంటరియైన చెట్టునకే భయము. విదురుడు మాటలాడినది అన్నదమ్ముల గూర్చి గదా! వారును కలిసి పెరిగినవారే. కదిరికి చేరువనున్న తిమ్మమ్మ మఱ్ఱిమానును జూడుడు. 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఒకేచెట్టు ఐదెకరములకు కొంచెము తక్కువగా బరచుకొని, దింపిన ప్రతి యూడను స్తంభముగా జేసికొని, తానే యొక గుంపైనది.

అయితే గుంపునకును మితి గలదు. ఇది చెప్పకున్నచో మీకు సత్యము పూర్తిగా జెప్పినవాడను గాను. 2024వ సంవత్సరము ఆగస్టు 31వ తేది సాయంకాలము తెలంగాణమున ములుగుజిల్లా తాడ్వాయి యడవిలో కొద్దిగంటలలో యాబదివేలకు పైగా చెట్లు గూలినవి. వందల యెకరముల యడవి నేలకొఱగినది. ఎడతెగని వానలకు నేల నాని మెత్తబడియుండెను. వేళ్లు లోతుగా పాఱియుండలేదు. అట్టి సమయమున మేఘమునుండియే క్రిందికి దుమికిన పెనుగాలి వచ్చియుండునని నిపుణులు తలచిరి. చెట్లమీద పుట్టిన సుడి వేఱు. మేఘమునుండి దుమికిన గాలి వేఱు. రెండవదానిముందు అంచుగాని అంతస్తుగాని అంతగా పనిచేయదు. నానిన నేలలో వేరు పట్టు సడలును. కాబట్టి అడవి యున్నంతమాత్రమున గండము లేదని నేను జెప్పుటలేదు. మన చేతులారా తెచ్చుకొను గండమును గూర్చి చెప్పుచున్నాను.

ఆ మాట చెప్పుటకు నాకు హక్కు గలదు. పదునొకండు సంవత్సరముల క్రిందట మా పెద్దమ్మాయి పెండ్లి కుదిరినది. చేతిలో డబ్బు చాలలేదు. మా నాయన నాటిన రెండెకరముల మామిడితోపునకు పడమట కానుగ, నేరేడు, నాటుమామిడి కలిసిన పాత వరుస యొకటి యుండెను. కాపు లేదు, నీడ మాత్రము మెండు, కొమ్మలు నేలను రాచుకొనుచుండును. లోపలి అంటుమామిళ్లు మంచి కాపుమీద నున్నవి. పనికిరాని వరుసను అమ్మి పెండ్లి చేయుదమని నిశ్చయించితిని. కలప కొనువాడు వచ్చి బేరము కుదుర్చుకొని పోయినాడు.

ఆ సాయంకాలము మా పొరుగు చేని కాపు వచ్చినాడు. అక్షరము రానివాడు, నాకంటె పదేండ్లు పెద్ద. "అయ్యోరా, ఆ వరస ముట్టుకోవద్దండి. తోపుకు అది తలుపు" అన్నాడు. నేను నవ్వి, "తలుపు తీసిన కొంచెము గాలి వచ్చును పెద్దన్నా, చెట్లకు గాలి మంచిదే గదా" అంటిని. "మీరు చదువుకున్నోళ్లు" అని అతడు లేచిపోయినాడు. ఆ మాటలో నిష్ఠూరము లేదు. అదియే ఇప్పటికిని నన్ను బాధించునది. విదురనీతి నోటికి వచ్చినవాడను నేను. దానిని తెలిసినవాడు అతడు.

పెండ్లి జరిగినది. మొదటి యేడు ఏమియు గాలేదు. రెండవ యేడు వైశాఖమున, కాయ తయారగుచున్న దినములలో, ఒకనాటి సాయంకాలము పడమట నల్లబడినది. వానతో గూడిన గాలిని నిఘంటువులలో ఝంఝావాతమందురు. ఆ పదము నేను బడిలో ఎన్నిమాఱులు చెప్పితినో! ఆనాడు దాని యర్థము జూచితిని. అరగంటకంటె నెక్కువ లేదు. తెల్లవాఱి పోయి చూడగా పదునాలుగు చెట్లు తూర్పునకు తలలుపెట్టి పడియున్నవి. వేళ్లు మట్టిపెళ్లతో సహా పళ్లెములవలె లేచి నిలిచినవి. లోతు రెండడుగులైనను లేదు. కాయ నేలయంతటను బఱచుకొనియున్నది. వానిలో నొకటి మా నాయన స్వహస్తములతో అంటుగట్టినది. ఒంటరి చింత మాత్రము చేని నడుమ, చిన్నకొమ్మ యొక్కటి విఱిగి, ఎప్పటివలెనే యున్నది.

పొరుగు కాపు ఏమియు ననలేదు. ఇద్దఱు కుమారులను గొడ్డళ్లతో వెంటబెట్టుకొని వచ్చి, దినమంతయు కొమ్మలు గొట్టి దారి చేసినాడు. మధ్యాహ్నము సంగటి తినునపుడు నేనే యడిగితిని: "ఇప్పుడేమి చేయవలె పెద్దన్నా?" అతడు చేయి కడిగికొని, "పడినోటి కోసరము ఏడ్చేది చాలు అయ్యోరా. నిలబడినోటిని చూడండి. పడమట మళ్లా కానుగ పెట్టండి" అన్నాడు. ఆ వానకాలమే కానుగవిత్తు వేసితిని. నేరేడుమొక్కలు నాటితిని. ఇప్పుడా వరుస ఇంటికప్పు దాటి పెరిగినది. మునుపటి యెత్తు నందుకొనుట నేను జూతునో లేదో. అతడు చూడలేదు, గతించి మూడేండ్లయినది.

పెద్దలారా! పంచాయతీ తోపు వేలమునకు వచ్చినపుడు, బాట వెడల్పునకు చెట్లు గుర్తించినపుడు, ఆ కాగితముమీద వ్రేలుముద్రయో సంతకమో వేయువారు మీరు. అందుచే నాలుగు మాటలు విన్నవించెదను.

తోపు అంచును, అందును గాలి వచ్చు దిక్కునందలి యంచును, ఒక్కమాఱుగా తీయకుడు. తప్పనిచో గాలి పోవుదిక్కునుండి మొదలుపెట్టుడు. కొన్ని చెట్లు తీసి కొన్నియేండ్లు ఆగుడు. లోపలి చెట్లు గాలికి అలవాటుపడి మ్రాను లావెక్కుటకును వేరు పాఱుటకును ఆ గడువు కావలెను. అంచున నేలను రాచు కొమ్మలను, పొదలను "శుభ్రము" పేరిట నఱకకుడు; అవి పనికిరానివి గావు, కాపలావారు. కొత్తతోపు నాటునపుడు, కాపుచెట్లకు ముందుగా గాలివైపు వరుసను నాటుడు. నేల బాగుగా నానియున్నపుడు, క్రొత్తగా అంచు తీసిన తోపులో పశువులను గట్టకుడు, మీరును నిలువకుడు.

చెట్టునకు ధర కట్టువారు కాయను లెక్కింతురు, కలపను లెక్కింతురు. అది ఆపుచున్న గాలిని లెక్కించువారు లేరు. అది పడమట నల్లబడిన సాయంకాలముగాని లెక్కకు రాదు. నాకు ఆ లెక్క పదునాలుగు చెట్లకు దెలిసినది. మీకు ఈ ప్రసంగముతోనే తెలిసినచో, నా నష్టము కొంత తీఱినట్లే భావింతును.